‘అయ్యగారు’ అని పిలవని మనిషి ఒకరు కావాలి

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. చిత్తూరు దగ్గర ఒక స్వతంత్ర క్రైస్తవ సంఘానికి పద్నాలుగేళ్లుగా సేవకుడిని (పాస్టర్‌ని). నూట ఇరవై మంది దాకా వస్తారు. భార్య ప్రైవేటు బడిలో టీచరు. ఇద్దరు ఆడపిల్లలు. 2020 లాక్‌డౌన్‌లో కూడికలు ఆగిపోయి, కానుకలు పడిపోయిన రోజుల్లో ఫోనులో డబ్బు పెట్టి రమ్మీ ఆడటం మొదలుపెట్టాను. రాష్ట్రంలో నిషేధం వచ్చాక, వేలూరు ఆసుపత్రిలో రోగులను చూసి వస్తానని చెప్పి, సరిహద్దు దాటి ఆడేవాడిని. మొత్తం 3 లక్షల 80 వేలు పోయింది. భార్య నగలు తాకట్టులో ఉన్నాయి. మందిరం షెడ్డు రేకుల కోసమని ఆమెకు చెప్పాను. మందిరం నిధి నుంచి రెండుసార్లు, 25 వేలు ఒకసారి, 40 వేలు ఒకసారి తీసి మళ్లీ పెట్టేశాను. ఎవరికీ తెలియదు. యాప్‌లు మూతపడ్డాక ఆగాను. ఇప్పుడు ఒక స్నేహితుడు వేరే లింకు పంపాడు. నొక్కలేదు, తీసేయనూ లేదు. ఒకరోజు కాట్పాడి స్టేషన్‌లో పట్టాల వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. మొన్న ఒక కుర్రాడు ఇదే వ్యసనంతో వచ్చి, “అయ్యగారూ, మీకు ఇలాంటివి ఏమీ ఉండవు కదా” అన్నాడు. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపాను. దేవుని ముందు కన్నీళ్లతో ఒప్పుకున్నాను. మనుషులకు కూడా చెప్పాలా? చెబితే సేవ పోతుంది. (ఉత్తరం పెద్దది, కుదించాం.)
— పేరు వద్దు, చిత్తూరు

జవాబు: ఈ జవాబులో మిమ్మల్ని ‘అయ్యగారూ’ అనను, తమ్ముడూ అంటాను. వయసులో పెద్దదాన్ని. పైగా ఒక సేవకుడి కూతుర్ని. ఆ పిలుపు బరువు ఎంతో ఇంట్లో ఉండి చూశాను.

ముందు పట్టాల సంగతి. ఒక్క వాక్యం రాసి దాటేశారు. నేను దాటలేను. ఆ ఆలోచన మళ్లీ వస్తే, అది రాత్రి రెండు గంటలైనా సరే, 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ అది. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీరు ఎవరో, ఏ సంఘమో వాళ్లకు అక్కర్లేదు. ‘సేవకుడిని కదా, ఇలాంటి ఆలోచనా’ అని సిగ్గుపడకండి. బదరీ వృక్షం కింద పడుకుని “ఇక చాలు, నా ప్రాణం తీసుకో” అన్న బైబిలు ప్రవక్త ఏలీయా మీద మీరు ఎన్నిసార్లు ప్రసంగించి ఉంటారో. అతడికి దేవదూత వాక్యం చెప్పలేదు. రొట్టె, నీళ్లు పెట్టాడు. అతడు తిని పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. కర్మెలు కొండ మీద అంత పెద్ద విజయం సాధించిన మనిషి ఆ వెంటనే ఉన్న స్థితి అది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మీ ఉత్తరంలో ఒకటి గమనించాను, మీరు గమనించారో లేదో. ఆడిన రోజులన్నీ దాదాపు ఆదివారం రాత్రులు, సోమవారాలు. ఉదయం నుంచి మూడు ఆరాధనలు, ప్రసంగం, ఇంటింటి ప్రార్థనలు, అందరి బాధలు. రాత్రి తొమ్మిదికి గొంతు పోయి ఇంటికి వస్తే, ఇంట్లో వాళ్లు నిద్రపోతుంటారు. అప్పటిదాకా నూట ఇరవై మంది చూపులు మీ మీద. ఆ తర్వాత ఎవరూ లేరు. ఆ ఖాళీలోకే పేకముక్కలు వచ్చాయి. డబ్బు అవసరం నిజమే. కానీ కానుకలు మళ్లీ మామూలు అయ్యాక కూడా మీరు ఆగలేదు కదా.

ఇది మీ ఒక్కరి నైతిక పతనం అనుకుని కూర్చోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల జాబితాలో జూదపు వ్యసనం ఒక రుగ్మతగా ఉంది. ఆటను అదుపులో పెట్టుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికంటే అదే ముఖ్యం కావడం, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా కొనసాగించడం దాని గుర్తులు. పోయిన డబ్బు ఇంకో ఆటలో రాబట్టుకుందామనే తపనే మనిషిని లోపలికి లాగుతుంది. గెలవడానికి ఒక్క ముక్క తక్కువైన ఆట, పూర్తిగా ఓడిన ఆట కంటే ఎక్కువ ఊరిస్తుంది. దీనికి వైద్యం ఉంది. వేలూరులో సంఘస్థులు కనిపిస్తారని భయమైతే తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఫోను, ఇంటర్నెట్ వ్యసనాల కోసం ప్రత్యేక క్లినిక్ ఉంది, అదీ చూడవచ్చు. మీ వైద్యం వివరాలు బయట పెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది.

ఆ లింకు సంగతికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషిద్ధం. అది ఎక్కడి నుంచి నడుస్తోందో తెలియని యాప్, డబ్బు పోతే అడగడానికి మనిషి ఉండడు. ఈ పేరా చదవడం ఆపి తీసేసి రండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. దేవుడికి చెప్పుకుంటే చాలదా అని అడిగారు. మా నాన్న సంగతి చెబుతాను. ఆదివారం మధ్యాహ్నం కానుకల సంచి విప్పి చాప మీద చిల్లర కుప్పపోసి లెక్కపెట్టేవారు. పక్కన సంఘ పెద్ద ఒకరు ఉండాల్సిందే. ఒక ఆదివారం ఆ పెద్దాయన జ్వరంతో రాలేదు. అమ్మ కిరసనాయిలుకు పది రూపాయలు అడిగింది. మూడో మనిషి వచ్చేదాకా నాన్న సంచి ముడి విప్పలేదు, ఆ సాయంత్రం మా ఇంట్లో దీపం ఆలస్యంగా వెలిగింది. బైబిల్లో అపొస్తలుడు పౌలు కూడా అంతే. యెరూషలేములోని పేదల కోసం పోగుచేసిన విరాళాన్ని ఒంటరిగా మోయలేదు. తీతుతో పాటు సంఘాలు ఎంచిన వాళ్లను వెంట పెట్టుకున్నాడు, ఎవరూ తనను తప్పుపట్టకూడదని. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయం. మీకు తెలిసిందే.

నాన్న గొప్పవాడని చెప్పడానికి కాదు ఇదంతా. ఆయనకు విపరీతమైన కోపం. మందిరంలో నవ్వు, ఇంట్లో విసిరిన పళ్లెం. సంఘంలో ఎవరికీ తెలియదు, ఆయన పోయాక కూడా. అమ్మ గోడ మీది పులుసు మరక తుడిచి, అదే చీరతో స్త్రీల కూడికకు వెళ్లేది. డబ్బు దగ్గర పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకున్న మా నాన్న, కోపం దగ్గర ఎవరినీ కూర్చోబెట్టుకోలేదు. దేవుని ముందు ఆయన కూడా ఏడ్చేవారు, తెల్లవారుజామున మోకాళ్ల మీద. నేను విన్నాను. ఆ వారంలోనే ఇంకో పళ్లెం.

అందుకే, తమ్ముడూ, చెప్పాలి. ఒకరితో ఒకరు ఒప్పుకోండి, స్వస్థత పొందుతారు అని యాకోబు రాసినప్పుడు సేవకులను మినహాయించలేదు. అయితే ఆదివారం మైకు పట్టుకుని కన్నీళ్లతో సాక్ష్యం చెప్పేయకండి. అది ఒప్పుకోలు కాదు, ఇంకొక ప్రసంగం. జనం ఏడుస్తారు, చప్పట్లు కొడతారు, రాత్రికి మళ్లీ అదే ఖాళీ.

మొదట మీ భార్యకు. ఒక తెల్లకాగితం మీద అంకెలు రాయండి: ఎంత పోయింది, ఎక్కడ ఎంత అప్పు, నగలు ఏ దుకాణంలో, వడ్డీ ఎంత. సగం చెప్పి సగం దాస్తే మీరు చెప్పిన సగాన్ని కూడా ఆమె నమ్మదు. మొదటి పది నిమిషాలు సాతాను పేరు ఎత్తకండి. ‘శోధించబడ్డాను’ అనకండి. ‘ఆడాను’ అనండి, ‘నీతో అబద్ధం చెప్పాను, అదీ దేవుని పేరు మీద’ అనండి. షెడ్డు రేకులని ఆమె నమ్మి తాళి మినహా అన్నీ తీసిచ్చింది. ఆమెను ఎక్కువ గాయపరిచేది పోయిన బంగారం కాదు, ఆ మాట. క్షమించమని వాక్యం చూపించి ఒత్తిడి చేయకండి. ఆమె తిడితే విని, మాట్లాడకపోతే ఊరుకుని, పుట్టింటికి వెళ్తానంటే మీరే బస్సెక్కించండి. ఫోను, బ్యాంకు పాస్‌పుస్తకం ఆ రోజే ఆమె చేతికి ఇవ్వండి.

తర్వాత నిధి. ‘మళ్లీ పెట్టేశాను కదా’ అనేది మీకు మీరే చెప్పుకుంటున్న ఊరట. కొంతకాలానికే వాడుకున్నా దుర్వినియోగమేనని మన నేర చట్టం స్పష్టంగా అంటుంది. ఆ మధ్యలో సంఘ పెద్ద సంతకం పెట్టిన లెక్క అబద్ధం. ఆయనకు తెలియకుండా ఆయన చేత అబద్ధం చెప్పించారు. ఒక న్యాయవాదితో మాట్లాడి, ఆ తర్వాత ఇద్దరు పెద్దలకు లెక్కలతో సహా చెప్పండి. ఇంకొకటి. కానుకల క్యూఆర్ కోడ్ మీ సొంత నంబరుదే అని మీ ఉత్తరంలో యథాలాపంగా రాశారు. అది ఈ వారమే మారాలి. సంఘం పేర ఖాతా, ఇద్దరి సంతకాలు, ఆ ఇద్దరిలో మీరు ఉండకూడదు.

సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం)లోనో లూథరన్ సంఘంలోనో ఉంటే పైన బిషప్పు ఉంటారు, బదిలీ ఉంటుంది, ఆడిట్ ఉంటుంది. వాటి తలనొప్పులు వాటికి ఉన్నాయి, నాకు తెలుసు. కానీ స్వతంత్ర సంఘంలో మీ పైన ఎవరూ లేరు. ఆ స్వేచ్ఛ కోసమే మీరు విడిగా వచ్చామన్నారు. దాని ఖరీదు ఇది. కాబట్టి పైన లేని మనిషిని పక్కన వెతుక్కోవాలి. మీ కింద పనిచేసేవాడు పనికిరాడు, మీ కానుకలతో బతికేవాడు పనికిరాడు. వేరే ఊళ్లో వేరే సంఘంలో, మీ కంటే పెద్ద వయసు సేవకుడు, మిమ్మల్ని పేరు పెట్టి ‘ఒరేయ్’ అనగలిగినవాడు కావాలి. నెలకు రెండుసార్లు అతడి దగ్గరికి వెళ్లాలి. అతడు అడగాల్సినవి మూడే: ఆడావా? అప్పు చేశావా? ఇంట్లో అబద్ధం చెప్పావా? ఆత్మీయ ప్రశ్నలు తర్వాత.

సేవ పోతుందా? పోవచ్చు. పోదని నేను మాట ఇవ్వను. కనీసం కొన్ని నెలలు ప్రసంగ వేదిక, డబ్బు రెండూ వదిలి కింద బెంచీ మీద కూర్చోవలసి రావచ్చు. ఇల్లు ఎలా గడుస్తుందన్న భయం నిజమైనదే. పెద్దలతో మాట్లాడేటప్పుడు ఆ సంగతి కూడా దాచకుండా చెప్పండి. కానీ మీరే రాశారు, ఈ మధ్య జూదం మీద మీ ప్రసంగాలు మరీ కఠినంగా ఉంటున్నాయని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే అదే. మీ గొంతులో ఆ పదును ఎందుకో ఇవాళ కాకపోతే రేపు ఎవరో పట్టుకుంటారు. ఆ పట్టుకునేది మీ పెద్దమ్మాయి కాకూడదు.

ఆ కుర్రాడి దగ్గరికి ఇప్పుడే పరుగెత్తకండి. మీ బరువు దింపుకోవడానికి వాడి భుజం వాడుకోకూడదు. ఇంట్లో, పెద్దల దగ్గర పని అయ్యాక పిలిచి, ఆ రోజు అడిగిన దానికి జవాబు ఇవ్వండి. ఈలోగా 14416 వాడికి కూడా ఇవ్వండి.

ఆదివారం రాత్రి ఎనిమిది తర్వాత ఇంటి ప్రార్థనలు మానేయండి. సోమవారం కాట్పాడి వైపు వెళ్లకండి, ఏ రోగి పిలిచినా మంగళవారం వెళ్లవచ్చు, అదీ ఎవరినైనా వెంట తీసుకుని. రెండో శనివారం మీ భార్యకు బడి సెలవని రాశారు. పిల్లలను ముందు రోజే అమ్మమ్మగారింటికి పంపండి. తాకట్టు రసీదులు బీరువాలోంచి తీసి ఆ కాగితం పక్కన పెట్టుకోండి.