రంగుల డబ్బాను అటకెక్కించింది శనేనా?

ప్రశ్న: 1991లో పుట్టాను. లగ్నం, అంటే పుట్టిన వేళకు తూర్పున ఉదయిస్తున్న రాశి, కన్య. అక్కణ్నుంచి ఐదో ఇల్లైన పంచమంలో, మకరంలో, శని. ఆ శని ఉంటే కళలు అచ్చిరావని అమ్మ తొమ్మిదో తరగతిలో నా చేత బొమ్మలు వేయడం మాన్పించింది. ఇప్పుడు ఆన్‌లైన్ జ్యోతిష్యుడొకరు పంచమం అంటే సృజన, ఆట అని, నాలో అవి బిగుసుకుపోయాయని చెప్పి శని కోసం నీలం రాయి ఉంగరం పెట్టుకోమన్నారు. పెట్టుకోనా? పాపను చూసుకోవడానికి అమ్మ మా దగ్గరే ఉంటోంది. ఇక్కడ ఏటా జరిగే బొమ్మల సంత, చిత్రసంతెకు వెళ్లొచ్చిన ఊపులో రంగుల డబ్బా కొన్నాను కానీ ఆవిడ చూస్తుందని అటక మీద సూట్‌కేసు వెనక పెట్టాను. 2021లో పుట్టిన పాపకూ శని మకరంలోనే అని అమ్మకు దిగులు.
– ఒక సోదరి, మారతహళ్లి, బెంగళూరు

ఉంగరం కొనకండి. మీరడిగిన దానికి జవాబు అంతే.

జాతకాన్ని నమ్మొద్దని నేను చెప్పను, మా ఇంట్లోనూ వర్జ్యం చూడందే గడప దాటని వాళ్లున్నారు. కానీ చూసేదేదో పూర్తిగా చూడాలి కదా. కన్యా లగ్నానికి పంచమం మకరం, అది శనికి సొంత ఇల్లు. మనవాళ్లు పంచమంలో సంతానం, బుద్ధి, మంత్రం, పూర్వపుణ్యం చూస్తారు. ఆట, సరదా, సృజన ఆ ఇంట్లోనే చూడటం పాశ్చాత్య జ్యోతిషంలో ఎక్కువ. మీ ఆన్‌లైన్ ఆయన రెండూ కలిపేశారు, కలపనివ్వండి. అలా చదివినా శని మెల్లగా నడిచేవాడు, ఒక్కో రాశిలో సుమారు రెండున్నరేళ్లు ఉంటాడు, మరి ఒకే బొమ్మ దగ్గర గంటలకొద్దీ ఓపిగ్గా కూర్చునే గుణం ఇచ్చాడని ఎందుకు చదవకూడదు? ఇంకో లెక్క చెప్తాను. 1991 అంతా శని మకరంలోనే ఉన్నాడు, కన్యా లగ్నం రోజూ ఇంచుమించు రెండు గంటలు నడుస్తుంది. ఆ వేళల్లో పుట్టిన వాళ్లందరి చేతుల్లోంచీ కుంచెలు జారిపోయాయా ఏమిటి!

నేను ఆగింది ఆ సూట్‌కేసు దగ్గర. నెలనెలా జీతం తెచ్చుకునే మనిషి, ఒక బిడ్డ తల్లి, రంగుల డబ్బాను సిగరెట్ పెట్టెలా కన్నతల్లికి కనపడకుండా దాచడమేమిటమ్మా? ఆవిడకు కోపమొచ్చి ఊరెళ్లిపోతే పాపను ఎవరు చూస్తారన్న టెన్షన్ మీ నోరు నొక్కేస్తోంది. ఆవిడ చాకిరీకి మీరు రుణపడే ఉన్నారు, అందులో రెండో మాట లేదు, మోకాళ్ల నొప్పులకు డాక్టర్ దగ్గరకు మీరే తిప్పాలి, ఊరెళ్తానంటే టికెట్ మీరే తీయాలి. కానీ ఆ బాకీ కింద మీ ఇష్టాలనూ, రేపు పాప ఇష్టాలనూ జమ కట్టడానికి నేను ఒప్పుకోను.

ఉత్తరం చివర ఒక మాట రాసి వదిలేశారు. అమ్మ రోజూ ఫ్లాట్ ముందు చుక్కల ముగ్గు వేస్తారని, ఒక్క మెలిక తప్పినా మొత్తం తుడిచి మళ్లీ మొదలుపెడతారని, పాప పిండి ముట్టుకుంటే చెయ్యి లాగేస్తారని. మీ చేతిలో ఆ బిగుసుకుపోవడం ఎక్కడిదో ఇంకా గ్రహాలనే అడగాలా?

వచ్చే ఆదివారం డబ్బా దించండి. గదిలో తలుపేసుకుని కాదు, హాల్లో, ఆవిడ టీవీ చూసే చోటే పాత పేపరు పరిచి, పాపకు ఒక కుంచె ఇచ్చి కూర్చోండి. నీళ్లు ఒలుకుతాయి, ఒలకనీయండి. శని సంగతి ఎత్తితే ‘సొంతింట్లోనే ఉన్నాడుగా అమ్మా’ అనండి, అంతకు మించి వాదన పెట్టుకోవద్దు. రెండు రోజులు మాట్లాడరు. అన్నం మాత్రం వేళకు పెడతారు, తల్లుల సంగతి నాకు తెలుసు. ‘మీ అమ్మతో నువ్వే తేల్చుకో’ అన్న మీ ఆయన ఈ ఒక్క విషయంలో సరిగ్గానే చెప్పారు.

ఇక పాప. 2021లో పుట్టిన పిల్లలందరికీ శని మకరంలోనే, దాని క్లాసులో ఇంచుమించు అందరికీ శని అక్కడే ఉంటాడు. దాని జాతకం రాయించిన కాగితం అమ్మ ట్రంకుపెట్టెలో ఉందన్నారు కదా, అడిగి తెచ్చుకుని మీ బీరువాలో పెట్టుకోండి.