రొమ్ము క్యాన్సర్ చికిత్స అయ్యాక ఐదేళ్ల హార్మోన్ గోలీ: నొప్పులని అమ్మ మానేస్తానంటే?

మీ అమ్మగారికి 58 ఏళ్లు, ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయిపోయాయి, ఇప్పుడు ఐదేళ్లు రోజూ లెట్రోజోల్ వేసుకోమన్నారు, కీళ్ల నొప్పులు తట్టుకోలేక ఆమె మానేస్తానంటోంది, మానితే ఏమవుతుంది అని అడిగారు. మాననివ్వకండి. నొప్పి ఉంటే డాక్టరుకు చెప్పి మందు మార్పించుకోవచ్చు, ఇంట్లో కూర్చుని ఎవరికి వారే ఆపుకోవడం మాత్రం వద్దు. నేను డాక్టర్ను కాదు, హన్మకొండలో ఉండే ఒక కోడలిని. మా అత్తమ్మ విషయంలో చూసింది చూశాక ఈ గోలీ గురించి నాకు గట్టి అభిప్రాయమే ఏర్పడింది.

మా అత్తమ్మ, మామయ్య పరకాల దగ్గర ఊళ్లో ఉంటారు. అత్తమ్మకు గడ్డ బయటపడ్డప్పుడు ఇల్లంతా కదిలింది. ఆరోగ్యశ్రీ కాగితాల కోసం ఒకరు తిరిగారు, తెల్లారగట్ల కాజీపేటలో బండెక్కించి హైదరాబాద్ తీసుకుపోవడానికి ఒకరు. కీమో ఎక్కించి ఇంటికి తెచ్చిన ప్రతిసారీ చుట్టాలు బత్తాయిల సంచులతో వచ్చారు. రేడియేషన్ కూడా అయ్యాక చేతిలో ఒక చీటీ పెట్టారు. లెట్రోజోల్ 2.5 మిల్లీగ్రాములు, రోజుకొకటి, ఐదేళ్లు. ఆ రోజుతో మావాళ్ల దృష్టిలో రోగం అయిపోయింది. సెలైన్ లేదు, సూది లేదు, పెసరబద్దంత గోలీ. దానికేం విలువ ఉంటుందనుకున్నారు.

వేసుకోవడం మొదలుపెట్టాక కొన్ని నెలలకు ఆమెకు పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకునేవి కావు. మోకాళ్లు పట్టేసేవి. ఉన్నట్టుండి ఒళ్లంతా సెగలొచ్చి చెమటలు పోసేవి. ఊళ్లో అందరికంటే ఎత్తు బతుకమ్మ పేర్చే మనిషి, ఆ ఏడు సద్దుల నాడు గునుగు పూలు కట్టలు కట్టలేక మా ఆడబిడ్డ చేతికిచ్చి పక్కన కూర్చుంది. అందరూ "వయసు పడ్డది గద" అన్నారు. మరుసటి ఏడు మాత్రం తంగేడు, గునుగు, బంతి తానే వరుసలు వరుసలుగా పేర్చింది. చేతులు చకచకా ఆడుతుంటే చూసి సంబరపడ్డాం. సాయంత్రం ఆటకు పోయే ముందు పట్టుచీర తీసుకురమ్మని నన్ను లోపలికి పంపింది. సందుగ తెరిచి చీర లాగితే మడతల్లోంచి లెట్రోజోల్ స్ట్రిప్పులు కింద పడ్డాయి. ఒక్క గోలీ కూడా తీయలేదు.

"ఇవేంది అత్తమ్మా?" అన్నాను.

ఆమె వచ్చి తలుపు దగ్గరికేసింది. "మెల్లగ మాట్లాడు బిడ్డా. గవి నాకొద్దు. గవి పిల్లలు కానోళ్లు మింగే గోలీలట."

కూరగాయలకని పరకాల పోయినప్పుడు మెడికల్ షాపులో చీటీ ఇచ్చిందట. కౌంటర్‌లో ఉన్న పిల్లగాడు స్ట్రిప్ పైకెత్తి చూపిస్తూ, "పెద్దమ్మా, ఇది పిల్లల కోసం వాడే గోలీ, ఎవలకు?" అని అందరి ముందూ అడిగాడు. "నాకే" అంటే పక్కనున్నవాళ్లు నవ్వారట. అందులో మా ఊరి మగవాళ్లూ ఉన్నారు. కొన్నవాటిని కొన్నట్టే తెచ్చి సందుగలో పెట్టేసింది. కొడుకు ఫోన్‌లో "గోలీలు ఏసుకుంటున్నవా అమ్మా" అంటే "ఆ" అనేది. గోలీ ఆగాక నొప్పులు తగ్గేసరికి, తనకిచ్చిన మందే తప్పు మందని ఆమెకు ఖాయమైపోయింది. "నొప్పులు గూడ పోయినయ్ సూడు" అని నాకే సాక్ష్యం చూపించింది.

ఆ పిల్లగాడు అబద్ధం చెప్పలేదు. కోపం అందుకే ఇంకా ఎక్కువ. లెట్రోజోల్ సంతానం కోసం కూడా ఇస్తారు. పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీకి నెలసరి మొదట్లో ఐదు రోజులు ఇస్తే ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గుతుంది, అది చూసి మెదడు అండాశయాలను గట్టిగా పని చేయిస్తుంది, అండం పెరుగుతుంది. మన దేశంలో 2011లో ఆ వాడకాన్ని ఆపేశారు, 2017లో మళ్లీ ఒప్పుకున్నారు. ఇప్పుడు హన్మకొండలో ఎటు చూసినా సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులే కాబట్టి షాపులవాళ్లకు ఆ వాడకమే ముందు గుర్తొస్తుంది. కానీ అమెరికాలో 1997లో ఆ మందుకు అనుమతి వచ్చింది రొమ్ము క్యాన్సర్ కోసమే. నెలసరి ఆగిపోయిన మనిషిలో అండాశయాలు పని ముగించేసి ఉంటాయి. అయినా ఒంట్లో కొవ్వు, కండరాల దగ్గర అరోమటేజ్ అనే ఎంజైము కొంచెం కొంచెంగా ఈస్ట్రోజెన్ తయారుచేస్తూనే ఉంటుంది. ఎక్కడైనా మిగిలిపోయిన క్యాన్సర్ కణాలకు అదే మేత. లెట్రోజోల్ ఆ ఎంజైమును ఆపుతుంది. ఇంకా నెలసరి వచ్చే వయసువాళ్లకు ఈ గోలీ ఒక్కటే ఇస్తే సరిపోదు, అండాశయాలను నిద్రపుచ్చే గోసెరెలిన్ లాంటి సూది కూడా పొట్ట మీద వేస్తారు. లేదంటే ఈస్ట్రోజెన్ క్యాన్సర్ కణాలకు అందకుండా అడ్డుపడే టామోక్సిఫెన్ అనే గోలీ ఇస్తారు.

టామోక్సిఫెన్‌ది కూడా ఇలాంటి చరిత్రే. 1960లలో ఇంగ్లండ్‌లో గర్భం రాకుండా ఉండటానికని తయారుచేశారు. స్త్రీలలో చూస్తే అండం విడుదలకు సాయపడింది. చివరికి 1973లో అక్కడ రొమ్ము క్యాన్సర్ మందుగా అనుమతి పొందింది. ఒక మందు నాలుగు పనులు చేయొచ్చని కౌంటర్ వెనక నిలబడేవాళ్లకు తెలియాలి. తెలియకపోతే చీటీలో ఉన్నది ఇచ్చి ఊరుకోవాలి. ఒక ఆడమనిషి మందును నలుగురి ముందు ఎత్తి చూపించి ఎందుకని అడగడం ఏం పద్ధతి?

ఇంకో మాట కూడా చెప్పాలి. మా మామయ్య బీపీ గోలీలు ఒక్కరోజు తప్పవు. అయిపోవడానికి వారం ముందే కొడుకులు తెచ్చి పెడతారు. అత్తమ్మ గోలీలు మాత్రం కూరగాయలకు పోయినప్పుడు ఆమే తెచ్చుకోవాలి. ఖాళీ అయిన స్ట్రిప్ ఏదని ఇంట్లో ఎవరూ అడగరు. ఈ గోలీ మధ్యలో మానేసే మన ఆడవాళ్లలో చాలామంది ఒక్క నొప్పుల వల్లే మానరని నా నమ్మకం. సిగ్గు వల్ల, ఖర్చు గురించి కొడుకును అడగలేక, అయిపోయిందని చెప్పడానికి మొహమాటపడి మానేస్తారు. బయటికి మాత్రం కీళ్ల నొప్పులంటారు, ఎందుకంటే అది ఎవరికైనా చెప్పుకోగల కారణం.

పండుగ కాగానే హైదరాబాద్ తీసుకుపోయాం. డాక్టరమ్మ తిట్టలేదు. రిపోర్టు తీసి ఈఆర్, పీఆర్ (ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లను పట్టుకునే గ్రాహకాలు) పాజిటివ్ అని రాసి ఉన్న చోట వేలు పెట్టి, "మీ గడ్డ హార్మోన్‌తో పెరిగే రకం, అందుకే ఈ గోలీ" అని నెమ్మదిగా చెప్పింది. ఆ నొప్పులు మందు వల్లే వచ్చాయని, వయసు వల్ల కాదని ఆమె అన్నప్పుడు అత్తమ్మ ముఖం చూడాలి. తను చెప్పింది నిజమని మొదటిసారి ఒకరు ఒప్పుకున్నారు. లెట్రోజోల్ బదులు ఎక్సెమెస్టేన్ 25 మిల్లీగ్రాములు, అన్నం తిన్నాక వేసుకోమని రాసింది. అదీ ఇదీ ఒకే కోవ మందులే, అయినా ఒకటి పడనివాళ్లకు ఇంకొకటి పడొచ్చు. రెండూ పడకపోతే టామోక్సిఫెన్ ఉంది. ఎముకల బలం చూసే డెక్సా స్కాన్ చేయిస్తే పలచబడ్డాయని తేలింది. కాల్షియం, విటమిన్ డి రాసి, పళ్ల డాక్టరుకు ఒకసారి చూపించుకుని రమ్మని, ఆ తర్వాత ఆరు నెలలకోసారి ఎముకలు పలచబడకుండా ఉండటానికి జోలెడ్రానిక్ యాసిడ్ అనే మందు ఎక్కించుకోవాలంది. రోజూ నడవమంది, నడిస్తే ఈ కీళ్ల నొప్పులు తగ్గుతాయంది. అత్తమ్మ ఇప్పుడు పొద్దున్నే చెరువు కట్ట మీద నడుస్తోంది. నొప్పులు పూర్తిగా పోలేదు, కానీ వేళ్లు ముడుచుకుంటున్నాయి. గోలీలు నేనే హన్మకొండలో కొని పంపిస్తున్నాను.

మానితే ఏమవుతుందన్నారు. ఈ రకం క్యాన్సర్‌కు ఐదేళ్ల తర్వాత కూడా, ఇరవై ఏళ్ల దాకా, తిరిగి వచ్చే గుణం ఉంది. ఎన్నో దేశాల పరీక్షల ఫలితాలు కలిపి 2011లో ఒక లెక్క తేల్చారు: ఐదేళ్లు టామోక్సిఫెన్ వాడిన హార్మోన్ పాజిటివ్ వాళ్లలో పదిహేనేళ్ల కాలానికి రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. నెలసరి ఆగినవాళ్లలో లెట్రోజోల్ కోవ మందులు దానికంటే కొంత మెరుగు. కీమో అంత పెద్దగా కనిపించకపోయినా ఈ గోలీ చేసే పని తక్కువేం కాదు. ఆకు పసర్లు, కషాయాలు దీనికి బదులు కావు. నొప్పులకు ఏ నాటు మందు వాడినా, నిద్రకో మనసుకో వేరే డాక్టరు ఏ గోలీ రాసినా క్యాన్సర్ డాక్టరుకు చూపించండి. ముఖ్యంగా టామోక్సిఫెన్‌కు మారితే, ఎందుకంటే డిప్రెషన్‌కు ఇచ్చే పరోక్సెటీన్, ఫ్లూఆక్సెటీన్ దాని పనిని తగ్గిస్తాయి. అది వాడేటప్పుడు కాలు వాచి నొప్పి పుట్టినా, నెలసరి ఆగినాక రక్తం కనిపించినా అదే రోజు చెప్పాలి.

మీ అమ్మగారి బయాప్సీ రిపోర్టులో ఈఆర్, పీఆర్ వరుస చూసుకోండి, అది పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి మందు మార్చమని, డెక్సా రాయమని అడగండి. అంతకంటే ముందు ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆమె పక్కన కూర్చుని, ఆ గోలీలు ఏ షాపులో కొంటున్నారో, అక్కడ ఎవరైనా ఏమైనా అన్నారేమో అడగండి.