ఆదాయం లేని పిల్ల రిటర్ను, మా మరిది పాన్‌కి ఎక్కిన 55 వేలు

మీరు అడిగినవి రెండు. బంగ్లాదేశ్‌లో ఎంబీబీఎస్ చదువుతున్న మీ అబ్బాయికి పైసా ఆదాయం లేదు, అయినా ఇక్కడ ఇన్‌కమ్‌టాక్స్ రిటర్ను వేయాలా అన్నది ఒకటి. ఫీజు పంపినప్పుడు బ్యాంకు ముందుగానే పట్టుకున్న పన్ను, అదే టీసీఎస్, ఎవరికి తిరిగొస్తుంది అన్నది రెండోది. మీది పర్లాకిమిడి అన్నారు, మాది బరంపురం, ఇద్దరిదీ ఒడిశాయే. మా అమ్మాయి ఢాకాలో అదే చదువు చదువుతోంది. నేను ఆడిటర్ని కాను, ఇంట్లో అప్పడాలు, వడియాలు చేయించి అమ్ముకుంటాను. కానీ ఈ రెండు విషయాల్లో తిన్న దెబ్బలు నాకు బాగా గుర్తున్నాయి.

రెండోదానికే ముందు చెప్తాను, కడుపుమంట దాని మీదే ఎక్కువ.

2023లో సీటు వచ్చినప్పుడు మొదటి విడతగా 18 లక్షలు ఒకేసారి పంపాల్సి వచ్చింది. ఇచ్ఛాపురం పక్కన నా పుట్టింటివాళ్ళు ఇచ్చిన రెండెకరాలు అమ్మాం. డబ్బంతా నా ఖాతాలోనే ఉంది. మా వీధి చివర బ్యాంకులో క్లర్కు "డాలర్లు పంపడం మా శాఖలో అవదు" అన్నాడు. మా మరిదికి పెద్ద శాఖలో ఖాతా ఉంది. "నేను పంపేస్తాను వదినా, నువ్వు టెన్షన్ పడకు" అన్నాడు. సరే అని వాడి ఖాతాకి వేశాను. సాయంత్రానికి ఫోను. "ఇంకో యాభై అయిదు వేలు కావాలి వదినా, టాక్స్ అంట!"

లెక్క ఇది. అప్పట్లో చదువు కోసం ఏడాదికి 7 లక్షల దాకా పంపితే ఏమీ పట్టుకునేవారు కాదు. ఆ పైన, అప్పు చేసిన డబ్బు కాకపోతే, నూటికి 5. పద్దెనిమిదిలో ఏడు పోతే పదకొండు, దానికి అయిదు శాతం 55 వేలు. గాజులు తాకట్టు పెట్టి ఇచ్చాను. "ఇది నిజంగా టాక్స్ కాదు, రిటర్ను వేస్తే తిరిగొచ్చేస్తుంది" అని బ్యాంకువాళ్ళు అన్నారు. వస్తుంది, నిజమే. ఎవరికి అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు.

మరుసటి ఏడాది జులై నెలాఖరు. వాన వదలట్లేదు, అప్పడాలు ఆరక హాలంతా పరిచి ఫ్యాన్లు పెట్టాం. మా మరిది వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. రిటర్ను వేశావా అంటే వేశానన్నాడు. మరి నా డబ్బు? "నాకేం రాలేదు వదినా. పైగా నేనే ఇంకో ఏడు వేలు కట్టాను." ముఖంలో ఎక్కడా అబద్ధం లేదు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. పొద్దున్నే తోడికోడలికి ఫోను చేసి, ఆ రిటర్ను కాయితం అమ్మాయి ఫోనుకి పంపమన్నాను. అమ్మాయి చదివి నవ్వింది. బాబాయి వ్యాపారానికి ఆ ఏడాది కట్టాల్సిన పన్ను 62 వేలు. అందులో మన 55 వేలు జమ అయిపోయాయి. మిగిలిన ఏడు వేలు ఆయన కట్టాడు.

అంటే మా మరిది పన్ను నేను కట్టాను! వాడికి అది ఎంతకీ ఎక్కదు. "చేతికి రాని డబ్బు ఎలా ఇస్తాను?" అంటాడు. పళ్ళెంలో అప్పడాలు పెట్టి చూపించాను. అరవై రెండు ఉండాలి, యాభై అయిదు నేను తెచ్చాను, నువ్వు ఏడే తెచ్చావు, నేను తేకపోతే నువ్వు ఎన్ని తేవాలి? అప్పుడు తోడికోడలు లోపలి నుంచి "ఏటండీ, వదినగారు చెప్పేది నిజమే కదా" అంది. ఆ మాటతో నలభై వేలు వచ్చాయి. మిగతా పదిహేను సంక్రాంతికి అన్నాడు.

కాబట్టి ఎవరి ఖాతా నుంచి డబ్బు పోతుందో వాళ్ళ పాన్ మీదే టీసీఎస్ పడుతుంది, పాన్ మీద పట్టిన పన్నులన్నీ చూపించే 26ఏఎస్ కాయితం కూడా వాళ్ళదాంట్లోనే కనబడుతుంది, వాళ్ళ రిటర్నులోనే తిరిగొస్తుంది లేదా వాళ్ళ పన్నులో కలిసిపోతుంది. చదివే పిల్లకి సంబంధం లేదు. మీరు, మీ ఆవిడ చెరి సగం ఎవరి ఖాతా నుంచి వారు పంపండి, ఇద్దరికీ విడివిడిగా పరిమితి ఉంటుంది. 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి 10 లక్షలు చేశారు, బ్యాంకు విద్యారుణంతో పంపేదానికి అసలు టీసీఎస్సే తీసేశారు. మీరు జీతగాళ్ళయితే ఆఫీసులో ఈ టీసీఎస్ వివరాలు చెప్పే ఫారం (2025లో దాని పేరు 12బీఏఏ) ఇవ్వండి, జీతంలో కోసే టీడీఎస్ ఆ మేరకు తగ్గిస్తారు, ఏడాది ఆగక్కర్లేదు. బ్యాంకులో ఫారం నింపేటప్పుడు ఎస్0305 అని చదువు కోడే రాశారో లేదో మీ కళ్ళతో చూసుకోండి. పొరపాటున బంధువుల పోషణ అని రాస్తే పరిమితి దాటిన దానికి చదువుకున్న తక్కువ రేటు కాదు, ఇరవై శాతం.

ఇక మొదటి ప్రశ్న. ఆదాయం లేకపోతే రిటర్ను అక్కర్లేదని అందరూ చెప్తారు. గేట్ బజార్ వైపు ఒక టాక్స్ ప్రాక్టీషనరూ అదే చెప్పాడు. "జీరో ఇన్‌కమ్‌కి రిటర్ను ఎందుకు మావుసీ?" అన్నాడు, తల కూడా ఎత్తకుండా. వాడు పాస్‌పోర్టు చూపించమని అడగలేదు. నా ఉద్దేశంలో ఈ విషయంలో మొదట తెరవాల్సింది పాస్‌పోర్టే.

2024 జులైలో అక్కడ గొడవలు, కర్ఫ్యూ. నెట్ లేదు, నాలుగు రోజులు పిల్ల గొంతు వినలేదు. తోటి పిల్లలతో అఖౌడా మీదుగా అగర్తలా చేరింది, అక్కడి నుంచి కలకత్తా, కలకత్తా నుంచి రైల్లో బరంపురం. ఇంటికొచ్చి రెండు రోజులు నిద్రపోయింది. కాలేజీ మామూలయ్యే సరికి నవంబరు వచ్చింది. మరుసటి ఏడాది రిటర్ను వేళకి ఇద్దరం వంటింట్లో కూర్చుని స్టాంపులు లెక్కపెట్టాం. ఏప్రిల్‌లో రంజాన్ సెలవులు 18 రోజులు, జులై 21 నుంచి నవంబరు 14 దాకా 117, చలికాలం సెలవులు 20, మళ్ళీ మార్చిలో 28. కలిపితే 183.

ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడ ఉంటే పన్ను లెక్కలో ఆ మనిషి ఇక్కడి రెసిడెంటే, చదువు ఏ దేశంలో అయినా సరే. రెసిడెంటు అయిన మన పిల్లలకి బయటి దేశంలో బ్యాంకు ఖాతా ఉంటే, ఆదాయం సున్నా అయినా రిటర్ను వేయాలి. మా అమ్మాయికి ఢాకాలో ఖాతా ఉంది, హాస్టలు ఖర్చులకి తెరిచింది. అందులో ఎన్నడూ అరవై వేల టాకాలు దాటి లేవు. అయినా సరే ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి, అందులో విదేశీ ఆస్తుల పేజీ నింపాలి. ఖాతా ఎప్పుడు తెరిచారు, ఏడాదిలో ఎక్కువలో ఎక్కువ ఎంత ఉంది, చివరికి ఎంత మిగిలింది అని అడుగుతుంది. తమాషా ఏమిటంటే, రిటర్నంతా ఏప్రిల్ నుంచి మార్చి లెక్క, ఈ ఒక్క పేజీ మాత్రం జనవరి నుంచి డిసెంబరు. ఇది పెట్టినవాళ్ళు ఒక్కసారైనా తమ చేత్తో నింపి చూశారా అని నా అనుమానం.

ప్రాక్టీషనరు దగ్గరికి మళ్ళీ వెళ్ళి అడిగితే "చిన్న ఖాతా, ఎవరు చూస్తారు?" అన్నాడు. చూపించకపోతే నల్లధనం చట్టంలో 10 లక్షల జరిమానా ఉంది. స్థిరాస్తి కాకుండా మొత్తం 20 లక్షల లోపు ఉన్నవాళ్ళకి 2024 అక్టోబరు నుంచి ఆ జరిమానా తీసేశారు, కాబట్టి మీరు భయపడక్కర్లేదు. కానీ రిటర్ను వేయాల్సిన బాధ్యత తీసేయలేదు. అదీ వాడికి తెలియదు, ఫీజు మాత్రం తెలుసు. చివరికి అమ్మాయే ఫోను చూసుకుంటూ రెండు రాత్రులు కూర్చుని వేసింది. మా అదృష్టం, ఆ ఏడు గడువు సెప్టెంబరు 16 దాకా జరిపారు.

మీ అబ్బాయి రోజులు 182 లోపే ఉంటే ఆ ఖాతా గొడవ లేదు. కానీ వెళ్ళిన మొదటి ఏడాదిని అలా చూడకండి. ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకున్న వెసులుబాటు చదువుకి వెళ్ళేవాళ్ళకి లేదు. 60 రోజులు ఇక్కడ ఉన్నా, వెనక నాలుగేళ్ళలో 365 రోజులు ఉంటే రెసిడెంటే. మన పిల్లలంతా అంతకుముందు ఇంట్లోనే కదా ఉన్నది.

ఇంకొకటి, ఇది మన తెలుగువాళ్ళకే వచ్చే తిప్పలు. రెండో ఏడాది నేనే నా ఖాతా నుంచి 9 లక్షలు పంపాను, వేరే శాఖలో కొత్త ఖాతా తెరిచి మరీ. పదివేలు నా పాన్ మీద పడ్డాయి. రిటర్ను వేశాను, రిఫండు రాలేదు. ఎందుకంటే పాన్‌లో నా ఇంటిపేరు పూర్తిగా ఉంది, బ్యాంకులో మొదటి అక్షరం ఒక్కటే ఉంది. పేర్లు కలవకపోతే ఖాతా వ్యాలిడేట్ అవదు, అంటే రిఫండు వేయడానికి ఆ ఖాతాని ఒప్పుకోరు. బ్యాంకులో అడిగితే ఆ అమ్మాయి ఒడియాలో "మీ టైటిల్ ఏది?" అంది. ముందున్నదే నా ఇంటిపేరు అని చెప్తే, ముందు పేరుంటుంది కదా అని నాకే పాఠం చెప్పింది. మా అమ్మాయి పన్నెండో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు వెనక్కి పోయింది, ఆధార్‌లో ముందుంది, పాస్‌పోర్టులో రెండు గళ్ళలో చెరొకటి. మూడు తరాలుగా ఇక్కడే ఉన్నాం, ఇప్పటికీ ఏ కౌంటర్ దగ్గరైనా నా ఇంటిపేరు నా పేరని, నా పేరు మా ఆయన పేరని అనుకుంటారు. పాన్ జిరాక్సు, పెళ్ళి కార్డు, అఫిడవిట్టు పట్టుకుని ఆ బ్యాంకుకి నాలుగుసార్లు తిరిగాక పేరు మార్చారు. పదివేలూ వచ్చాయి.

సంక్రాంతి వచ్చి వెళ్ళింది. మా మరిది ఆ పదిహేను వేల మాట ఎత్తడం లేదు.