ఏ నెలలో ఏ నీళ్లు

శ్రీకాకుళం

అమ్మలూ,

గాలి నింపే కయాక్, అదే తెడ్డుతో నడిపే చిన్న పడవ, కొన్నావని, మన వైపు దాన్ని దించడానికి మంచి చోట్లు రాసి పంపమని అడిగావు. రాస్తాను. కానీ ఒక్కో పేరు పక్కన నెల, పూట కూడా రాస్తాను. అవి వదిలేసి పేర్లు మాత్రం ఫోన్‌లో దాచుకుంటే ఈ ఉత్తరం వల్ల నీకు మేలు కంటే కీడే ఎక్కువ. వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుట్టి, చెరో రెండు వందల యాభై కిలోమీటర్ల పైచిలుకు పారి ఇక్కడ సముద్రంలో కలుస్తాయి. శ్రీకాకుళంలో చినుకు పడకపోయినా ఏరు పొంగుతుంది. మే నెలలో నువ్వు చీలమండ తడవకుండా దాటిన చోటే ఆగస్టులో గేదెల్ని లాక్కుపోతుంది.

మొదట తాటిపూడి వెళ్లు. విజయనగరం జిల్లా గంట్యాడ మండలంలో గోస్తని మీద 1960లలో కట్టిన జలాశయం. చుట్టూ కొండలు, కదలని నీళ్లు, తెడ్డు చేతికి అలవాటు కావడానికి అంతకంటే మంచి చోటు మన దగ్గర లేదు. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. తెల్లారగానే దిగి, ఎండ ముదరకముందే ఒడ్డుకి వచ్చేయాలి. పొద్దెక్కాక గాలి లేస్తుంది. గాలి నింపిన పడవ బరువుండదు, నీళ్ల మీద ఎత్తుగా తేలుతుంది, కాబట్టి గాలి దాన్ని నెట్టేస్తుంది. అందుకే వెళ్లేటప్పుడు గాలికి ఎదురు వెళ్లు, అలిసిపోయాక అదే నిన్ను వెనక్కి తెస్తుంది. ఈ నీళ్లు విశాఖపట్నం వాళ్లు తాగేవి, అది గుర్తుంచుకో. గట్టు మీద ఉండే సిబ్బందిని అడక్కుండా దిగొద్దు, గేట్ల వైపు అసలు పోవద్దు. వేసవిలో నీరు వెనక్కి పోయి బురద బయటపడుతుంది, అప్పుడు వెళ్లడం దండగ.

మడ్డువలస కూడా ఉంది, వంగర దగ్గర సువర్ణముఖి మీద. అక్కడ నీళ్లు బాగా వెడల్పు. గాలి లేస్తే అలలు కూడా లేస్తాయి. వెళ్తే గట్టు వారగానే తిరుగు.

ఇక ఏళ్లు. జూన్ నుంచి నవంబరు దాకా వంశధారనీ నాగావళినీ మర్చిపో. వానలు తగ్గాయనుకునే అక్టోబరే మన దగ్గర తుఫానుల నెల. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. తిత్లీ వచ్చినప్పుడు వంశధార ఎలా పొంగిందో మీ నాన్నని అడుగు. డిసెంబరు సగం దాటాక ఏరు నెమ్మదిస్తుంది. అప్పుడు కూడా బయల్దేరే ముందు ఎగువన ఒడిశాలో కాశీనగర్ దగ్గర వంశధార నీటిమట్టం ఎంతుందో, గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తారా లేదా కనుక్కో. వరదల రోజుల్లో ఈ వివరాలు పేపర్లో వస్తాయి, మామూలు రోజుల్లో నీటిపారుదల ఆఫీసుకి ఫోన్ చేస్తే చెబుతారు. నేను ఆ శాఖలోనే పనిచేసి రిటైరయ్యాను కదా, మా వాళ్లు అడిగితే విసుక్కోరు.

ఏట్లో నాకు భయం రెండింటి మీద. ఒకటి ఆనకట్ట. నాగావళి మీద నారాయణపురం ఆనకట్ట లాంటివి పైనుంచి చూస్తే చిన్న మెట్టులా ఉంటాయి. గోడ దాటి పడిన నీరు కింద సుడిగా తిరిగి మళ్లీ గోడవైపే లాగుతుంది. అందులో పడినవాడు లైఫ్ జాకెట్ ఉన్నా బయటికి రాలేకపోవచ్చు. కాబట్టి ఆనకట్ట దగ్గర్లో, పైన గానీ కింద గానీ, పడవ దించకు. రెండోది ఇసుక తవ్విన గోతులు. మోకాలి లోతులో నడుస్తూ పడవ లాక్కెళ్తుంటే ఒక్కసారిగా నిలువు లోతు వస్తుంది. పడవ దిగి నడిచేటప్పుడు తెడ్డుతో ముందు పొడిచి చూడు.

మంచి రేవు ఎలా కనిపెట్టాలో చెబుతాను, ఇది పేర్ల కంటే పనికొస్తుంది. శాటిలైట్ మ్యాప్‌లో ఏరు వెడల్పుగా, రోడ్డుకి దగ్గరగా ఉన్నచోట గుర్తు పెట్టుకో. తర్వాత పడవ లేకుండా ఒకసారి వెళ్లి చూడు. గేదెలు ఎక్కడ దిగుతున్నాయో అక్కడ గట్టు వాలుగా, అడుగు గట్టిగా ఉంటుంది. నీకు కావలసింది అదే. చేపలు పట్టేవాళ్లని మాత్రం "ఇక్కడ సేఫేనా" అని అడక్కు. "ఏటీ పర్నేదమ్మా, ఎల్లిపోండి" అంటారు, పుట్టినప్పటి నుంచి ఆ నీళ్లలో ఉన్నవాళ్లకి నిజంగానే పర్లేదు. వలలు ఎక్కడ కట్టారు, నీరు ఏ వేళకి లాగుతుంది అని అడుగు. కరెక్టుగా చెబుతారు.

నన్నడిగితే అన్నింటిలోకీ కళింగపట్నమే అందం. వంశధార సముద్రంలో కలిసే చోటు, అంటే మొగ, ఒడ్డున లైట్‌హౌస్. ఏటికి ఎదురుగా పైకి పోతే దక్షిణపు గట్టున శాలిహుండం కొండ కనిపిస్తుంది, పైన బౌద్ధ స్తూపాల శిథిలాలు. కానీ ఇక్కడ నెల ఒక్కటే చాలదు, గంట కూడా చూడాలి. సముద్రం రోజుకి రెండుసార్లు పోటెత్తుతుంది, ఆ వేళ రోజుకి యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్యకీ పున్నమికీ జోరెక్కువ. మొగకి బాగా ఎగువన, పోటు నిండడానికి రెండు గంటల ముందు దిగు. నీరే నిన్ను పైకి తీసుకెళ్తుంది. నీరు నిలబడగానే వెనక్కి తిరుగు. ఆలస్యం చేస్తే నీరు తీయడం మొదలై నీ రేవు దాటించి సముద్రం వైపు లాగుతుంది. రేవులో ఒక కర్రకి ఎర్రగుడ్డ కట్టి వెళ్లు, దూరం నుంచి గట్టంతా ఒకేలా ఉంటుంది. మొగ దగ్గర ఇసుకమేటలు వరదల తర్వాత చోటు మారుతుంటాయి, పోయినేడు చూసింది ఈ ఏడు నమ్మకు.

బారువ, చింతపల్లి బీచ్‌లలో అలల్లోకి దిగుదామని ఆలోచన ఉంటే ఈ రెండేళ్లూ వద్దు. పక్షులు గూళ్లు కట్టే తేలినీలాపురం వెళ్లు, కానీ పడవ కార్లోనే ఉంచు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు పిల్లల్ని పెంచుకునే కాలంలో వాటి మేత నీళ్లలోకి మనం తెడ్డేసుకుంటూ పోవడం నాకు నచ్చదు. మోటారు లేదు కదా అంటావు, అయినా అవి లేచిపోతాయి.

పాత వంతెన స్తంభాలకి ఆల్చిప్పలు అంటుకుని ఉంటాయి, వాటికి రాసుకుంటే నీ పడవ చిరుగుతుంది. లైఫ్ జాకెట్ వేసుకోవాలి, పడవలో పెట్టుకోవడం కాదు. దానికి ఒక విజిల్ కట్టు.

డిసెంబరు మూడో వారంలో రా, ముందు తాటిపూడి వెళ్దాం. రెండో తెడ్డు, ఇంకో లైఫ్ జాకెట్ కూడా తీసుకురా. నాది ఎక్స్‌ఎల్ సైజు.

మీ పెదనాన్న