రంగు డబ్బా మూత ఇప్పుడే తియ్యకు

బుజ్జీ,

ఈ ఆదివారం పాప గదికి నువ్వే స్వయంగా రంగు వేయబోతున్నావని మీ అమ్మ చెప్పింది. రోలర్లు, డబ్బాలు తెచ్చి పెట్టేశావట. పనివాళ్ళ కోసం ఎదురుచూడకుండా నిచ్చెన ఎక్కుతున్నావంటే నాకు గర్వంగానే ఉంది. అయితే అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. బీరువా వెనక మూలన నల్లగా బూజు ఉందని, రంగు పడితే కనపడదులే అన్నావని. ఆ "కనపడదులే" విన్నాక నాకు నిద్ర పట్టలేదమ్మా.

మన భాషలోనే ఒక చిక్కుంది. సాలెగూడునూ బూజే అంటాం, గోడకు పట్టే ఈ నల్లమచ్చనూ బూజే అంటాం. అందుకే చెయ్యి తిన్నగా చీపురు మీదికి పోతుంది. సాలెబూజు దులిపితే పోతుంది. ఇది ప్రాణమున్న శిలీంధ్రం. సన్నటి పోగులు లప్పంలోకీ సున్నంలోకీ దిగి ఉంటాయి. పైన కనిపించేది పొడిపొడిగా ఉన్న బీజాలు. పొడి చీపురు తగిలిందా, అవి లేచి ఇల్లంతా పరుచుకుంటాయి. కాబట్టి ఆ మచ్చను దులపకు, గీకకు, దాని మీదికి ఫ్యాను తిప్పకు. ప్రస్తుతానికి దాన్ని అలాగే ఉండనివ్వు.

ముందు అది బూజేనా అని చూడు. తెల్లగా, నలిపితే ఇసుకలా ఉంటే అది గోడలోంచి పూసిన ఉప్పు కావచ్చు. ఒక చుక్క నీళ్ళు వేస్తే ఉప్పు కరుగుతుంది, బూజు కరగదు. నల్లటి మరక అయితే ఒక చుక్క బ్లీచింగు ద్రావణం అద్ది ఒకటి రెండు నిమిషాలు చూడు. రంగు తేలిపోతే బూజు, అలాగే ఉంటే మట్టో మసో. ఉప్పు పూసినా సంబరపడకు. గోడలోంచి నీళ్ళు బయటికి వస్తున్నాయని అది చెబుతోంది.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? గాలిలో బీజాలు ఎప్పుడూ ఉంటాయి, వాటిని ఎవరూ ఆపలేరు. పెరగాలంటే వాటికి తేమ కావాలి. ఆ తేమ గోడ లోపలినుంచి వస్తోందో, గదిలో గాలినుంచి వస్తోందో తేల్చుకోకుండా చేసే పనంతా వృథా. తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. రెండడుగుల చదరం పారదర్శక ప్లాస్టిక్ ముక్క తీసుకో. మచ్చ మీద పెట్టకు, పక్కనే అదే గోడకు నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో అంటించు. రెండు రోజులు వదిలెయ్. ప్లాస్టిక్‌కు గోడవైపు నీటిబొట్లు కడితే తడి గోడలోంచి వస్తోంది. గదివైపు కడితే గాలిలో తేమ ఎక్కువై చల్లటి గోడమీద దిగుతోంది. రెండు వైపులా కడితే రెండూ ఉన్నాయి.

గోడలోంచే అయితే, మచ్చ ఎక్కడుందో దాన్నిబట్టి వెతుకు. నేల దగ్గర మొదలై మీటరు ఎత్తులోపు ఆగిపోయి, అంచు అలలా ఉంటే నేలలోని నీరు గోడ పీలుస్తోంది. కప్పుకు ఆనుకుని దిగితే డాబా మీద, పిట్టగోడ మొదట్లో, వాననీటి గొట్టం దగ్గర పగుళ్ళు చూడు. గోడ మధ్యలో ఉండి, అవతలివైపు స్నానాలగది ఉంటే పలకల మధ్య సందులూ లోపలి పైపులూ చూడు. పైపు మీద అనుమానమైతే రాత్రి కొళాయిలన్నీ కట్టేసి నీళ్ళ మీటరు అంకె రాసుకో, పొద్దున్నే మళ్ళీ చూడు. ఎవరూ నీళ్ళు వాడకుండా అంకె కదిలిందంటే ఎక్కడో కారుతోంది.

బీరువా వెనక మూల అన్నావు గనక, నాకు మాత్రం గాలిలో తేమ మీదే అనుమానం. లెక్క చెబుతా విను. గదిలో గాలి 25 డిగ్రీలు, తేమ 60 శాతం అనుకో. ఏమీ ఇబ్బంది లేనట్టే ఉంటుంది. కానీ బీరువా వెనక గాలి ఆడదు, బయటివైపు గోడ గనక చల్లబడుతుంది. ఆ గోడ 20 డిగ్రీలకు దిగిందంటే దాన్ని ఆనుకున్న గాలిలో తేమ 80 శాతం దాటుతుంది. బూజుకు అది చాలు, కంటికి నీటిబొట్టు కనపడనక్కర్లేదు. గోడ 17 డిగ్రీల లోపుకు పోతే నిజంగానే నీళ్ళు కడతాయి. గదంతా బాగుండి మూల ఒక్కటే నల్లబడటం ఇందుకే. చిన్న తేమకొలత పరికరం ఒకటి కొని ఆ మూలనే పెట్టు, గది మధ్యలో కాదు. గదిలో ఎప్పుడూ 60 దాటకూడదు, 30–50 మధ్య ఉంటే మంచిది.

ఇక నేను కాగితం మీదకు రావడానికి కారణమైన ఆ పాత తప్పు. ఇది తెలియనివాళ్ళే కాదు, చెయ్యి తిరిగిన పెయింటర్లూ చేస్తారు. మచ్చ మీద బ్లీచింగు కొడతారు. పది నిమిషాల్లో గోడ పాలలా తెల్లబడుతుంది. హమ్మయ్య అనుకుని మర్నాడు లప్పం, ఆ మర్నాడు ప్రైమరు, ఆదివారానికి రెండు కోట్లు. చూడ్డానికి కొత్త గోడ. లోపల ఏం జరిగిందో చూడు. బ్లీచింగు ముందుగా రంగును తీసేస్తుంది. అందుకే పోయినట్టు కనపడుతుంది. గాజు మీద, పలకల మీద దాన్ని నమ్మవచ్చు. సున్నం, సిమెంటు పూత, లప్పం, చెక్క మాత్రం స్పాంజిలాంటివి. మందు పైపైనే పనిచేసి విరిగిపోతుంది, అందులోని నీళ్ళు మాత్రం లోపలికి ఇంకుతాయి. చంపాలనుకున్నదానికి తాగడానికి నీళ్ళిచ్చినట్టు. దాని మీద రంగు వేస్తే ఆ తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. ప్లాస్టిక్ ఎమల్షన్ కాస్త మూస్తుంది, నూనెరంగు పూర్తిగా మూసేస్తుంది. తడి బయటికి తోసుకుంటూ రంగును పొక్కుల్లా లేపుతుంది, తర్వాత పెచ్చులుగా ఊడుతుంది. ఊడిన పెచ్చు తిప్పి చూస్తే వెనక నల్లగా ఉంటుంది. కొన్ని నెలలకు రంగు పైకీ చుక్కలు తేలతాయి. అప్పుడు మళ్ళీ బ్లీచింగు, మళ్ళీ లప్పం. ఒకదానిమీద ఒకటి ఇలా నాలుగు పొరలు పడిన గోడను బాగుచేయాలంటే ఇటుక కనపడేదాకా కొట్టుకురావాల్సిందే.

చచ్చిన బూజు కూడా గోడమీద ఉంటే హానే. దగ్గు, తుమ్ములు, ఎలర్జీ తెప్పించే పదార్థాలు చచ్చినదాంట్లోనూ ఉంటాయి. చంపడంతో పని అయిపోదు, అక్కణ్ణుంచి తీసి బయట పారెయ్యాలి.

"బూజు నిరోధక పెయింటు కొన్నాను పెదనాన్నా" అంటావని తెలుసు. అందులో మందు ఉండే మాట నిజమే. అది ఎండిన రంగు పొర మీద కొత్తగా బూజు పట్టకుండా కొంతకాలం ఆపడానికి. కింద అప్పటికే ఉన్నదాన్ని అది చంపదు, కారే పైపును ఆపదు.

నాకున్న భయం గోడ గురించి కాదులే. గోడకు పట్టినా రొమ్ముకు పట్టినా మనవాళ్ళు నెమ్ము అనే అన్నారు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇళ్ళలో చెమ్మ, బూజు గురించి మార్గదర్శకాలు వెలువరిస్తూ ఇదే మాట చెప్పింది: చెమ్మ పట్టిన ఇళ్ళలో ఉండేవాళ్ళకు శ్వాసకోశ జబ్బులు, ఉబ్బసం ముదరడం ఎక్కువ. పాప పడుకునేది ఆ గదిలోనే కదా. శుభ్రం చేసే రోజు పాపను ఇంట్లోనే ఉంచకు. ఉబ్బసం ఉన్నవాళ్ళు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గిన పెద్దవాళ్ళు ఆ దరిదాపులకు రాకూడదు. మచ్చ మొత్తం కలిపి 10 చదరపు అడుగులు, అంటే ఇంచుమించు ఒక చదరపు మీటరు దాటితే నువ్వు కూడా ముట్టుకోకు. ఈ పని తెలిసినవాళ్ళను పిలువు.

అంతకన్నా తక్కువైతే, నీళ్ళ దారి మూసేశాక ఇలా చెయ్. గదిలో సామాను తీసెయ్, తీయలేనిది ప్లాస్టిక్‌తో కప్పు. తలుపు సందులకు టేపు వెయ్. కప్పు ఫ్యాను, ఏసీ ఆపు. కిటికీ తెరిచి ఉంచు. ఎన్95 మాస్కు, సందుల్లేని కళ్ళద్దాలు, మోచేతి దగ్గరిదాకా వచ్చే రబ్బరు తొడుగులు. ముక్కుకు చున్నీ కట్టుకుంటే సరిపోదు.

మచ్చ మీద ముందు సబ్బునీళ్ళు సన్నగా పిచికారీ చెయ్, కారేంత కాదు, తడిసేంత. బీజాలు లేవకుండా ఉండటానికే అది. పొక్కులు లేచిన రంగు, మెత్తబడిన లప్పం తడిమీదే బద్దతో తీసెయ్. మచ్చ కనపడే అంచు దాటి ఒక అడుగు దాకా తియ్. పూతను వేలి కణుపుతో తట్టు. బోలుగా మోగిన చోటల్లా కొట్టెయ్యాల్సిందే. మిగిలిన గట్టి పూతను గోరువెచ్చని నీళ్ళూ గిన్నెలు తోమే ద్రావకంతో గట్టి బ్రష్షు పెట్టి రుద్దు. బట్టతో తుడిచి, శుభ్రమైన నీళ్ళలో పిండిన మరో బట్టతో మళ్ళీ తుడువు. బకెట్లో నీళ్ళు మసకబారిన ప్రతిసారీ మార్చు. మురికినీళ్ళతో తుడవడమంటే బూజును గోడంతా పులమడమే. జిప్సం బోర్డయితే కడగాలని చూడకు. దాని కాగితమే బూజుకు తిండి. ఆ ముక్క కోసి పారెయ్. తీసిన చెత్తంతా ఒకదాంట్లో ఒకటి పెట్టిన రెండు సంచుల్లో కట్టి తిన్నగా బయటికి.

స్నానాలగది పలకలకు ద్రవరూపంలో దొరికే బ్లీచింగు వాడుకోదలిస్తే 4 లీటర్ల నీళ్ళకు ఒక కప్పు, అంటే 240 మి.లీ. మించకు. యాసిడ్‌తో గానీ, అమ్మోనియా ఉన్న గాజు తుడిచే ద్రావకంతో గానీ చస్తే కలపకు. యాసిడ్‌తో క్లోరిన్ వాయువు, అమ్మోనియాతో క్లోరమైన్ పుడతాయి, రెండూ ఊపిరితిత్తుల్ని కాల్చేవే. ఒకదాని తర్వాత ఒకటి అదే పలక మీద పోసినా అంతే. ఈ ఒక్కటి రెండుసార్లు చదువు.

ఇల్లు పాతదైతే కింది పొరల్లో సీసం ఉన్న రంగు ఉండొచ్చు. ఎమరీ పేపరును పొడిగా రుద్దకు, తడిపి రుద్దు.

ఆ తర్వాత ఆరబెట్టడం. నీకు కుదరనిది ఇదే. చిన్నప్పుడు మోకాలి మీద పుండు మానకముందే పొక్కు పీకేదానివి, మళ్ళీ రక్తం, మళ్ళీ ఏడుపు. గోడ కూడా అలాంటిదే తల్లీ, పైన ఆరినట్టుంటుంది. బూజు కడిగేశాక ఇప్పుడు ఫ్యాను పెట్టుకో. బయట గాలి పొడిగా ఉంటే కిటికీలు తెరువు, వాన రోజైతే మూసి, తేమ లాగే యంత్రం పెట్టు. గాలి తేమతో పట్టిన బూజైతే కొద్దిరోజుల్లో ఆరుతుంది. పైపు కారి లోపలిదాకా నానిన గోడకు మాత్రం 25 మి.మీ. మందానికి ఒక నెల అని మోటు లెక్క. గోడలో తడిని కొలిచే తేమ మీటరు దొరికితే అదే రకం పొడి గోడ మీద ఒకసారి, ఇక్కడ ఒకసారి పెట్టి పోల్చు. ఉప్పు పూసిన గోడలో అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, దానికి కంగారుపడకు. మీటరు లేకపోతే మన ప్లాస్టిక్ ముక్క ఉండనే ఉంది. మళ్ళీ రెండు రోజులు అంటించు, ఈసారి గోడవైపు పొడిగా ఉండాలి. కొత్తగా సిమెంటు పూత వేయిస్తే దానికి కనీసం 28 రోజులు ఇవ్వు.

రంగు వేయడం నీకు వచ్చు. క్షారానికి తట్టుకునే ప్రైమరు ఒక కోటు, డబ్బా మీద రాసినంతసేపు ఆగి రెండు కోట్లు. నేల తేమ పూర్తిగా ఆగని గోడకు ప్లాస్టిక్ రంగు వద్దు, సున్నమే మేలు. తడిని బయటికి పోనిస్తుంది, దాని క్షారంలో బూజు పెరగడం కష్టం.

బీరువాను మళ్ళీ పాత చోటే పెడతావు, తెలుసు. కనీసం నాలుగంగుళాలు ముందుకు లాగి పెట్టు. తడిబట్టలు ఆ గదిలో ఆరవెయ్యకు. స్నానాలగది ఫ్యాను స్నానం అయ్యాక ఇంకో అరగంట తిరగనివ్వు. ఏదైనా తడిస్తే 24 నుంచి 48 గంటల్లోపు ఆరిపోవాలి, ఆ గడువు దాటితే బూజు మొదలవుతుంది.

పాప ఇంకో నెల మీ గదిలోనే పడుకుంటే కొంపలేం మునగవు. డబ్బాలు మూత తీయకుండా ఎండ తగలని చోట పెట్టు, పాడవ్వవు. ఈ రాత్రికే ఆ ప్లాస్టిక్ ముక్క అంటించి, ఎల్లుండి రాత్రి ఏ వైపు బొట్లు కట్టాయో ఫొటో తీసి పంపు. లైటు పక్కనుంచి పడేట్టు తియ్, లేకపోతే నాకు కనపడవు.

పెదనాన్న