ఫొటోలో పశువును తూచబోయే అల్లుడికి

పర్లాకిమిడి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఫోనుతో ఫొటో తీస్తే పశువు బరువు చెప్పే పని మొదలెట్టానని రాశావు. బరంపురంలో కంప్యూటరు ముందే కూర్చోకుండా మన మందల్లోకి వస్తానన్నావు, అది ఇంకా నచ్చింది. ముప్పై ఏళ్లు ఎల్‌.ఐ. బాబు, అంటే పశువుల ఇన్‌స్పెక్టరు, అనిపించుకుని ఈ గజపతి జిల్లా ఊళ్లు తిరిగినవాణ్ణి, ఒక మాట ముందే చెప్తాను. నీ పనిలో సగం ఫోనులో లేదు, పశువును నిలబెట్టడంలో ఉంది.

మొదట టేపు పట్టడం నేర్చుకో. ముందుకాళ్లకీ మూపురానికీ వెనగ్గా తిప్పితే ఛాతీ చుట్టుకొలత. జబ్బ మొన నుంచి పిర్ర ఎముక కొసదాకా పొడవు. రెండూ సెంటీమీటర్లలో రాసుకో. చుట్టుకొలతని దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 10,840తో భాగిస్తే కిలోలు వస్తాయి. పొడవు 120, చుట్టు 140 ఉన్న ఎద్దు 217 కిలోలు తేలుతుంది. పొడవులో 5 సెంటీమీటర్లు ఎక్కువ చదివావనుకో, 9 కిలోలు పెరుగుతుంది. అదే తప్పు చుట్టుకొలతలో చేస్తే 16 కిలోలు. ఫొటోకి అందనిది ఆ చుట్టుకొలతే కదా! పక్కనుంచి తీస్తే ఛాతీ లోతు కనిపిస్తుంది, వెడల్పు కనబడదు. అందుకే పైనుంచి ఇంకో ఫొటో కావాలి. లోతు 55, వెడల్పు 33 వస్తే కోడిగుడ్డు ఆకారంగా లెక్కకట్టు, చుట్టు ఇంచుమించు 140 అవుతుంది.

ఇప్పుడు కొలకర్ర సంగతి. అందరూ తప్పేది ఇక్కడే. ఫొటోలో మీటరు కర్ర ఉండాలని నీకూ తెలుసు. ఎక్కడ పెడతావు? పశువు డొక్కకి ఆనించి పెడితే కుదరదు. నువ్వు మూడు మీటర్ల దూరంలో నిలబడితే, వెన్నుపూస వరస కంటే డొక్క 20 సెంటీమీటర్లు నీవైపుకి ఉంటుంది. ఆ కాస్తకే కర్ర 7 శాతం పెద్దగా కనిపించి, పశువు ఆ మేరకి చిన్నదైపోతుంది. పైనుంచి తీసే ఫొటోలోనూ కర్ర ఇలాగే తప్పితే పొడవు, లోతు, వెడల్పు మూడూ తగ్గి 217 కిలోల ఎద్దు 176కి దిగుతుంది. కర్రని ముట్టె ముందు, వెన్నుపూసకి సూటిగా నిలబెట్టు. పైనుంచి తీసేటప్పుడు కర్ర నేలమీద ఉండకూడదు, పక్కటెముకలు ఎక్కువ ఉబ్బిన ఎత్తులో ఉండాలి. దూరం కొలిచే కెమెరాలుంటే ఈ తిప్పలు తగ్గుతాయి. 2010లో ఆటలకోసం వచ్చిన కినెక్ట్ కెమెరాతోనే పరిశోధకులు ఆవుల్ని, పందుల్ని కొలిచారు. గొల్లల చేతిలో ఉండేది మామూలు ఫోనే, దాన్నే నమ్ముకో.

వాళ్ల గంజాం మేకలు ఎక్కువగా నల్లవి. చెట్టునీడలో తీస్తే మేకేదో నీడేదో ఫోనుకి తెలీదు. వెనక ఒక తెల్లపంచె పట్టించు. పొడుగుకాళ్ల జాతి కాబట్టి ఎత్తు చూసి మోసపోకు, బరువంతా కాళ్లకి పైన, మొండెంలో ఉంది. మల్కన్‌గిరి వైపు మోటు అనే జాతి పశువులు పొట్టివి, వాటి లెక్క వేరు. ఒక జాతితో నేర్పిన ఫోను ఇంకో జాతి దగ్గర ధీమాగా తప్పు చెప్తుంది.

తెల్లవారి, మేతకి వదలకముందు తియ్యి. కుడితి తాగాక తీస్తే లీటరుకో కిలో నీ లెక్కలో కూర్చుంటుంది. తల వంచితే, కాలు మడిస్తే ఆ ఫొటో పారెయ్యి. సంతలో బేరగాడు ముందు నడుం దగ్గర వేళ్లు నొక్కి చూస్తాడు, కండ ఉందా ఎముక ఉందా అని. కెమెరాకి ఆ వేళ్లు లేవు, కండపుష్టి నువ్వే నొక్కి చూసి పక్కన రాసుకో.

బరువు ధరకోసమే అనుకోకు. కడుపులో పురుగులకి పోసే ఫెన్‌బెండజోల్ మందు కిలోకి 5 మిల్లీగ్రాములు. 217 కిలోలకి 1,085 కావాలి, 176 అనుకుంటే 880తో ఆపేస్తావు. కొత్తలో నేనూ కంటి అంచనాతో ఒక గేదెకి తక్కువ పోశాను. పురుగు చావలేదు, ఆ రైతు మళ్లీ అదే గేదెని తోలుకొచ్చి నా ముందు కట్టేసి, ఏమీ అనకుండా కూర్చున్నాడు. చాలీచాలని మందు ఇలాగే పోస్తూపోతే పురుగులకి మందు అలవాటైపోతుంది కూడా.

నీ ఫోనుని పరీక్షించేటప్పుడు ఒక జాగ్రత్త. ఒకే మేక ఫొటోలు పదిలో ఎనిమిది నేర్పడానికి, రెండు పరీక్షకి పెట్టకు. అది ఆ మేకని గుర్తుపట్టి బరువు అప్పజెప్తుంది, మనం మురిసిపోతాం. నేర్పే మేకలు వేరు, పరీక్షించే మేకలు వేరుగా ఉంచు. ముప్పై మేకల్ని ఫోనుకి చూపించకుండా దాచి, చివర్లో కాటాతో సరిచూడు.

వచ్చే ఆదివారం మంద మహేంద్రతనయ ఒడ్డుకి దిగుతుందట. వేలాడదీసే కాటా అడిగి ఉంచుతాను. టేపు మాత్రం నువ్వు కొత్తది తీసుకురా. నాది గుడ్డది, సాగిపోయి మీటరుకి రెండు సెంటీమీటర్లు తక్కువ చూపిస్తోంది.

మీ మావయ్య