కాగితం మీది పేరు, రాతి మీది పేరు: యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ, వాటితో పాటు మీ ఆఫీసులోని చైనా సంతతి స్నేహితుడి కుటుంబం ఇచ్చిన కాగితాల నకళ్లూ చేరాయి. రెండుసార్లు చదివాను. వాక్యం నీ చేతిలో చక్కగా నడుస్తోంది, దాని గురించి నాకు బెంగ లేదు. బెంగంతా పేర్ల గురించే. మొదటి అధ్యాయంలో ఆ స్నేహితుడి ముత్తాతగారి ఇంటిపేరు వాంగ్. మూడో అధ్యాయంలో శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న కోల్మా శ్మశానంలో ఆయన సమాధి రాయి చూపించావు. ఇంగ్లీషులో వాంగ్ అని ఉంది, చైనా అక్షరాల్లో చిన్ అని ఉంది. ‘చెక్కినవాడి పొరపాటు’ అని ఒక్క ముక్కలో దాటేశావు. అది పొరపాటు కాదు నాయనా. ఇంగ్లీషు పేరు సర్కారు కోసం, చైనా పేరు పితరుల కోసం. నువ్వు రాయాల్సిన కథంతా ఆ రెండు పేర్ల మధ్యే ఉంది.

ఎందుకలా జరిగిందో ముందు నీకు స్పష్టంగా ఉండాలి. 1882లో అమెరికా చట్టం చేసి చైనా కూలీల రాకను ఆపేసింది. వర్తకులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు, యాత్రికులు, దౌత్యాధికారులు మాత్రం రావచ్చు. అయితే అమెరికా గడ్డ మీద పుట్టినవాడు అమెరికా పౌరుడేనని 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అలాంటి పౌరుడి పిల్లలు చైనాలో పుట్టినా తండ్రి దగ్గరికి రావచ్చు. 1906 ఏప్రిల్ 18న శాన్‌ఫ్రాన్సిస్కోలో భూకంపం వచ్చి, వెంటనే మంటలు లేచి, ఊరి జనన రికార్డులు కాలిపోయాయి. ‘నేనిక్కడే పుట్టాను’ అన్నవాణ్ణి కాదనడానికి కాగితం లేకుండా పోయింది. అలా పౌరుడైనవాడు స్వగ్రామం వెళ్లి వచ్చిన ప్రతిసారీ ‘అక్కడ నాకు కొడుకు పుట్టాడు’ అని అధికారుల దగ్గర రాయించేవాడు, పుట్టినా పుట్టకపోయినా. ఆ లెక్కల్లో కూతుళ్లు చాలా అరుదు. పుట్టని కొడుకు స్థానాన్ని కొన్నేళ్లు ఆగి ఇంకో ఇంటి కుర్రాడికి అమ్మేవాళ్లు. వయసు ఏడాదికి 100 డాలర్ల లెక్కన, పదిహేనేళ్ల కుర్రాడికి 1,500 డాలర్లు అన్నది ఎక్కువగా వినపడే ధర. అప్పు చేసి కొనేవాళ్లు, వచ్చాక ఏళ్ల తరబడి తీర్చుకునేవాళ్లు. వీళ్లనే కాగితం కొడుకులన్నారు.

కాబట్టి ఇంకో వాక్యం రాయకముందే రెండు పెద్ద కాగితాలు తీసుకో. ఒకదాని మీద రక్తసంబంధాల వంశవృక్షం, రెండోదాని మీద ఇమిగ్రేషన్ ఫైలు చెప్పే వంశవృక్షం. ఒకదాంట్లో ఉన్న తండ్రి రెండోదాంట్లో ఉండడు, అన్నదమ్ములు మారిపోతారు, పుట్టిన ఏడు మారుతుంది, చివరికి ఊరు కూడా మారుతుంది. ఎక్కడా కలపకు. నువ్వు చేసిన తప్పల్లా కలపడమే: పుట్టినరోజు ఒకచోట నుంచి, తండ్రి పేరు ఇంకోచోట నుంచి తీసుకుని అతికావు. పైకి అతుకు కనపడదు గానీ లోపల మనిషి అబద్ధమైపోయాడు.

రక్తం వైపు చార్టుకు ఆధారం త్సుపూ, అంటే వంశగ్రంథం. నీకొచ్చిన నకలులో తొలి పుటల మీద మరీ మోజు పడకు. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో చాలా వంశాలు తమ పెద్దలు ఉత్తరాన నాన్‌షియోంగ్ దగ్గరి జూజీ వీధి నుంచి దిగివచ్చారని రాసుకుంటాయి. అది ఆ కుటుంబం నమ్మకం, నమ్మకంగానే రాయి. ఆ ఊళ్లో మొదట పొయ్యి వెలిగించిన మూలపురుషుడి దగ్గర నుంచి గ్రంథం గట్టిపడుతుంది. పీఠికలో ఏ ఏడు కూర్చారో చూడు. 1966 తర్వాత పదేళ్ల సాంస్కృతిక విప్లవంలో ఇలాంటి గ్రంథాలు లెక్కలేనన్ని తగలబడ్డాయి. 1980ల తర్వాత పెద్దవాళ్ల జ్ఞాపకం మీద తిరిగి రాసినదైతే, ముత్తాత తరానికి పైనున్న తేదీల్ని పట్టుకుని సన్నివేశం కట్టకు.

తరాలు లెక్కపెట్టడంలో నీకు రెండు ఎక్కువొచ్చాయి. కారణం చెబుతాను. చాలా గ్రంథాల్లో ఒక పట్టికకు ఐదు తరాలు వేస్తారు, ఐదో తరాన్ని తర్వాతి పట్టిక పైవరసలో మళ్లీ ఎక్కిస్తారు. నువ్వు ఆ వరసను రెండుసార్లు లెక్కేశావు. అలాగే ఒకే మనిషి ఇద్దరు తండ్రుల కింద కనిపిస్తే కంగారు పడకు. కొడుకుల్లేని పెదనాన్నకో బాబాయికో దత్తత వెళ్లినవాడు రెండుచోట్లా ఉంటాడు, కన్నచోట ‘ఇచ్చాం’ అనీ, పెంచినచోట ‘తెచ్చుకున్నాం’ అనీ.

తరాన్ని పట్టించే తాళంచెవి పేరులోనే ఉంటుంది. వంశానికో పద్యం ఉంటుంది, ఒక్కో తరానికి అందులో ఒక్కో అక్షరం. మనవాళ్లందరికీ తెలిసిన మావో కుటుంబమే చూడు. తాత పేరు ఎన్‌పూ, తండ్రి యీచాంగ్, ఆయన త్సెతుంగ్, తమ్ముళ్లు త్సెమిన్, త్సెతాన్, తమ్ముడి కొడుకు యువాన్‌షిన్. ఎన్, యీ, త్సె, యువాన్ అని వరసగా పద్యపాదం నడుస్తోంది. నీ దగ్గరున్న ఫైల్లో ముత్తాతగారి ‘అన్నదమ్ముల’ పేర్లలో తరం అక్షరం వంశగ్రంథంలోని అక్షరంతో కలవలేదంటే, అక్కడ కాగితం సంబంధం ఉందని అనుమానించాలి. అలాగని తొందరపడకు. ఒక్క మనిషికే పసితనంలో ముద్దుపేరు, బడిలో పేరు, పెళ్లినాడు పెట్టిన పేరు ఉంటాయి. తరం అక్షరం తరచుగా పెళ్లిపేరులోనే కనిపిస్తుంది. ఆ మూడు పేర్లూ, కాగితం పేరూ ఒక వరసలో రాసుకుని అప్పుడు పోల్చు.

‘ఆ’ అనేదాన్ని పేరుగా వాడావు, అది కొట్టెయ్. ‘ఆ సింగ్’లో ‘ఆ’ పిలుపు మాత్రమే, మనం ఓయ్, ఒరే అన్నట్టు. అమెరికా గుమాస్తా దాన్ని పేరనుకుని రాసుకున్నాడు. ఇంటిపేరు ముందు రావడం మన పద్ధతే కాబట్టి తెలుగులో తిప్పి రాయాల్సిన పని లేదు, చిన్ అని ముందు రాసి అసలు పేరు తర్వాత రాయి. ఒకే అక్షరాన్ని గ్వాంగ్‌డాంగ్‌లోని తైషాన్ జిల్లాలో చిన్, కాంటన్‌లో చాన్, మాండరిన్‌లో చెన్, ఫుజియన్‌వాళ్లు తాన్ అంటారు. ఇంట్లో మాట్లాడేది తైషాన్ యాస గనక చిన్ అనే ఉంచు. పక్కింటివాళ్ల ఇంటిపేరును ‘ఎన్జీ’ అని రాశావు. దాని ఉచ్చారణ ఒట్టి ‘ఙ్’. అక్షరమాలలో నేర్చుకుని ఎప్పుడూ వాడని అక్షరానికి ఇన్నాళ్లకు పని దొరికింది, వాడుకో.

తేదీల సంగతి. గ్రంథంలో ఆయన ‘గ్వాంగ్‌షూ 25వ ఏడు, పన్నెండో నెల’లో పుట్టాడని ఉంది. గ్వాంగ్‌షూ అప్పటి చక్రవర్తి, ఆయన పాలన ఏడుకు 1874 కలుపుకోవాలి, 1899 వస్తుంది. నువ్వు అక్కడే ఆగిపోయావు. వాళ్ల సంవత్సరాది జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది, కాబట్టి ఆ పన్నెండో నెల మన లెక్కన 1900 జనవరి. ఇంకా ఉంది. పుట్టగానే ఒక ఏడు, సంవత్సరాది దాటగానే రెండో ఏడు. జనవరిలో పుట్టిన ఆ పిల్లవాడు నెల తిరక్కుండానే రెండేళ్లవాడయ్యాడు. 1915లో ఓడ దిగినప్పుడు ఇంట్లోవాళ్ల లెక్కన పదిహేడు, మన లెక్కన పదిహేను. ఈ తేడాలో అబద్ధమేమీ లేదు. ఫైల్లో ఉన్న మూడో వయసు కాగితం కొడుకుది, దాన్ని ఆ చార్టులోనే ఉంచు. చైనా రిపబ్లిక్ ఏడు కనిపిస్తే 1911 కలుపు. అరవై ఏళ్ల చక్రంలోని పేరొక్కటే ఇస్తే, మన ప్రభవ విభవలాగే, అరవై ఏళ్లు అటో ఇటో అయిపోయే ప్రమాదముంది, తండ్రి తేదీతో సరిచూడు.

ఇక రెండో అధ్యాయం, ఏంజెల్ ఐలండ్, శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో వలస వచ్చినవాళ్లను ఆపి విచారించిన దీవి. ఇక్కడ కాసేపు నిలబడాలి. నీ కథలో అధికారి ‘అమెరికా ఎందుకొచ్చావు?’ అని అడిగాడు. ఆ కాగితాల్లో అసలు ప్రశ్నలు అలా ఉండవు. మీ ఊళ్లో ఇళ్లు ఎన్ని వరసలు? మీ ఇల్లు ఏ వరసలో ఎన్నోది? మీ వెనక మూడో ఇంట్లో ఎవరుంటారు, ఎంతమంది? బియ్యం పెట్టె ఏ గదిలో ఉంది? గుమ్మం ముందు మెట్లు ఎన్ని? బావి ఎటు పక్క? పడకగది నేల పలకలా, మట్టా? మీ అమ్మ పాదాలు చిన్నప్పుడే ఎదగకుండా కట్టు కట్టినవా, మామూలువా? కుర్రాణ్ణి వేరుగా, తండ్రినని చెప్పుకునేవాణ్ణి వేరుగా అడిగి, రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు. తేడా వస్తే వెనక్కి పంపడమో, అప్పీలు నడిచినన్నాళ్లు అక్కడే పడి ఉండడమో. తైషాన్ ఊళ్లు ఒకే పోలికగా ఉంటాయి: ముందు చెరువు, వెనక చెట్ల గుంపు, మధ్యలో గళ్లు గీసినట్టు బూడిదరంగు ఇటుక ఇళ్లు, సన్నటి సందులు. వరసా సంఖ్యా తప్పడం ఎంత తేలికో దాన్నిబట్టి ఊహించు. అందుకే ప్రశ్నలూ జవాబులూ రాసిన పుస్తకం ఇంటి దగ్గరా ఓడ మీదా బట్టీపట్టి, రేవు చేరకముందే సముద్రంలో పారేసేవాళ్లు. సొంత కొడుకులకూ ఈ బట్టీ తప్పేది కాదు. తండ్రి పదేళ్ల కిందట చూసిన ఇంటికి ఆ తర్వాత ఒక మెట్టు పెరిగి ఉండొచ్చు.

దీన్నుంచి నువ్వు గమనించాల్సింది ఒకటుంది. ముత్తాత పుట్టిన ఊరని నువ్వు వర్ణించిన చెరువు, మూడో వరసలో ఐదో ఇల్లు, గుమ్మం ముందు నాలుగు మెట్లు, ఇవన్నీ ఫైల్లోంచి తీసుకున్నావు. అది వాంగ్‌ల ఊరు, ఆయన బట్టీపట్టిన ఊరు. చిన్‌ల ఊరు వంశగ్రంథంలో ఉంది, ఆ అధ్యాయంలో అది ఎక్కడా లేదు. వర్ణన కొట్టేయకు, చాలా బాగుంది. దాన్ని పిల్లవాడి కళ్ల ముందు నుంచి తీసి పెదాల మీద పెట్టు. చూడని మెట్లు లెక్కపెట్టుకుంటూ పడుకున్న పదిహేనేళ్ల కుర్రాడు, అదీ నీ అధ్యాయం.

ఫైలు చూసేది కాలిఫోర్నియాలోని శాన్ బ్రూనోలో ఉన్న అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌లో. నీ దగ్గరున్నది ఒక్క ఫైలే. లోపల చుట్టాల ఫైళ్ల నంబర్లు రాసిన కాగితం తరచుగా ఉంటుంది, అవన్నీ అడిగి తెప్పించుకో. ‘తండ్రి’ ఫైలు చదవకుండా ‘కొడుకు’ కథ రాయలేవు. ఇంకో లాభం, ఆడవాళ్లు. వంశగ్రంథంలో భార్య పుట్టింటి పేరుతో ‘లీ వారి ఆడపడుచు’ అన్నంత మటుకే ఉంటుంది, కూతుళ్లు తరచుగా ఉండనే ఉండరు. ఫైల్లో తల్లి, నాయనమ్మ, వాళ్ల పుట్టిల్లు, పాదాలు, బతికున్నారా లేదా, అన్నీ అడిగారు. ఆ జవాబులు కాగితం తల్లివి కావచ్చు, జాగ్రత్త.

బంధుత్వాల మాటల దగ్గర తెలుగు నీకు వరం. ఇంగ్లీషు ‘అంకుల్’ అని ముద్ద చేసేచోట వాళ్లకూ మనలాగే పెదనాన్న, చిన్నాన్న, మేనమామ వేర్వేరు మాటలు. హాయిగా వాడు. ‘బావ’, ‘మరదలు’ మాత్రం వాడకు. ఆ మాటలతో పాటు మన మేనరికమూ సరసమూ పుటలోకి వచ్చేస్తాయి. ఒకే ఇంటిపేరువాళ్లు పెళ్లాడకపోవడం మన సగోత్రం పట్టింపుకు దగ్గర. కాగితం మీద వాంగ్ అయినా, సంబంధాలు చూసేటప్పుడు ఇంటి పెద్దలు చిన్‌లనే వద్దనుకునేవాళ్లు. నాలుగో అధ్యాయంలో పెళ్లి మాటలొస్తే ఇది గుర్తుంచుకో.

కాలం తప్పినవి కొన్ని ఉన్నాయి, గబగబా చెబుతాను. 1914కు ముందు ఆ జిల్లా పేరు తైషాన్ కాదు, సున్నింగ్. అక్కడ రైలు మొదటి భాగం తెరిచింది 1909లో, కాబట్టి 1890ల్లో ఎవరినీ రైలెక్కించకు. ఏంజెల్ ఐలండ్ 1910 నుంచి 1940 వరకే. 1908లో వచ్చిన పెదనాన్నను రేవులో ఓడల కంపెనీ షెడ్డులో ఉంచి ఉంటారు. తమ్ముడు కెనడా వెళ్లాడన్నావు, 1903 తర్వాతైతే అక్కడ దిగే చైనావాళ్ల మీద తలపన్ను 500 డాలర్లు, నువ్వు రాసిన యాభై కాదు.

బతికున్నవాళ్ల దగ్గర నెమ్మదిగా వెళ్లు. 1956 నుంచి 1965 దాకా అమెరికా ప్రభుత్వం ‘కాగితం కొడుకునని ఒప్పుకుంటే స్థిరపరుస్తాం’ అని ఒక పథకం నడిపింది. పదమూడు వేల మందికి పైగా ఒప్పుకున్నారు. ఒకడు నోరు విప్పితే ఆ కాగితం కుటుంబంలో అందరూ బయటపడతారు, అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయిన ఇళ్లున్నాయి. కొందరు పాత ఇంటిపేరుకు వెళ్లారు, కొందరు కాగితం పేరుతోనే ఉండిపోయారు. మీ స్నేహితుడి నాయనమ్మను ‘మీ అసలు పేరేంటి?’ అని అడగకు. సమాధుల దగ్గర ముందు ఎవరికి మొక్కుతారు, తాతగారిని ఇంట్లో ఏమని పిలిచేవారు అని అడుగు, పేరు దానంతటదే వస్తుంది. అచ్చువేసేటప్పుడు పేర్లు మారుస్తానన్నావు, మంచిదే. రెండు ఇంటిపేర్లనూ, తరం అక్షరాలనూ, ఊళ్లనూ కలిపి మార్చు. ఒకటి వదిలేస్తే తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

చింగ్‌మింగ్, అంటే పెద్దల సమాధులు శుభ్రం చేసి మొక్కే పండుగ, ఏప్రిల్ 4నో 5నో వస్తుంది, ఆ కుటుంబం కోల్మా వెళ్తుంది. పిలిస్తే వెళ్లు. రాతి మీద సుద్దముక్క రుద్దకు, రాయి పాడవుతుంది. ఉదయం ఎండ పక్కనుంచి పడేటప్పుడు ఫొటో తియ్యి, వెనకవైపు కూడా. నిలువు వరసలు కుడి నుంచి ఎడమకు చదవాలి. నడుమ పేరు, పక్క వరసల్లో జిల్లా, ఊరు, తేదీ ఉంటాయి. ఊరి పేరును పెద్దవాళ్లెవరి చేతనైనా వాళ్ల యాసలో చదివించి ఫోన్లో రికార్డు చేసుకో. రైలు పనికి 1860ల్లో వచ్చిన పెద్దాయన సమాధి కాలిఫోర్నియాలో ఎక్కడా దొరకలేదని రాశావు. ఆ తరంలో చాలామందిని కొన్నేళ్లకు తవ్వి, ఎముకలు కడిగి, పెట్టెలో పెట్టి హాంకాంగ్ మీదుగా ఊరికి పంపేవాళ్లు. ఆయన ఎముకలు వెళ్లాయా లేదా అని నాయనమ్మను అడుగు. అడిగాక మూడో అధ్యాయం తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
నీ బాబాయి